చివరిరోజు వేషం

చింతలకోన రాజ్యంలో ఆ రోజుల్లో ఇద్దరు మనుషులు ఎదురుపడితే మాట్లాడుకునే సంగతి ఒక్కటే. ఉత్తుంగపురం. ఇరవై ఏళ్ళ కిందట దిక్కూ దివాణం లేని ఊరు, ఇవాళ చుట్టుపక్కల రాజ్యాలన్నిటినీ మింగి తేన్పుతోంది. కావిళ్ళవాళ్ళ మాట నమ్మితే అక్కడి సైనికులు నిద్రపోరు. గాజులమ్మేవాళ్ళ మాట నమ్మితే అక్కడి ఏనుగులు గుడ్లు పెడతాయి. చక్రవర్తి ప్రతాపధ్వజుడు దైవాంశ సంభూతుడు గనుక ఆయన పాదాలు నేలను తాకవు. సేనాపతి భైరవసింహుడికి పన్నెండు మూరల మీసం ఉంది, యుద్ధంలో దానితోనే మదపుటేనుగులను కట్టిపడేస్తాడు. ఈ మీసం సంగతిలో మాత్రం పండితులకూ పామరులకూ తేడా లేదు. ఎవరూ చూడని విషయంలో ఏకాభిప్రాయం తొందరగా కుదురుతుంది.

చూసి వచ్చిన మనిషి ఒక్కడున్నాడు. అతన్ని చెరసాలలో పెట్టారు.

అతని పేరు ఓబులయ్య, పగటి వేషగాళ్ళ మేళానికి పెద్ద. పగటి వేషాలంటే తెలుసు కదా. మేళం ఒక ఊళ్ళో దిగుతుంది, రోజుకొక వేషం కడుతుంది. ఒకరోజు బైరాగి, ఒకరోజు కొత్వాలు, ఒకరోజు మొగుణ్ణి దుమ్మెత్తిపోసే ఇల్లాలు. వేషమో నిజమో తేలక ఊరు తికమకపడుతుంది. చివరిరోజు రంగు కడుక్కుని, సొంత మొహాలతో ఇంటింటికీ వచ్చి, "అయ్యా, ఆడింది మేమే, అన్నది వేషమే, తప్పులు మన్నించి తోచింది ఇప్పించండి" అని దండం పెడతారు. ఆ దండం పెట్టేస్తే అంతకుముందు రాజునే తిట్టినా చెల్లిపోతుంది.

ఇంత గొప్ప వేషగాడు కదా అని రాజు గజకేసరి భూపాలుడు ఓబులయ్యను వేగు చూసి రమ్మని ఉత్తుంగపురానికి పంపాడు. ఓబులయ్య పోయాడు, వచ్చాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"వాళ్ళూ మనలాంటి మనుషులే మహారాజా. అన్నం తింటారు. చెప్పు తెగితే కుట్టించుకుంటారు. జలుబు చేస్తే మిరియాల కషాయం తాగుతారు."

రాజుకు ఒళ్ళు మండిపోయింది. "అంటే నేను ఇన్నాళ్ళూ జలుబు చేసేవాళ్ళను చూసి జడుసుకున్నానంటావా? ఎంత లంచం తిన్నావురా?"

పున్నమినాడు ఓబులయ్యకు కొరత వెయ్యమని, అంటే శూలానికి ఎక్కించమని, ఆజ్ఞ అయింది.

ఓబులయ్యకు పెళ్ళాం పిల్లలు లేరు. మేనల్లుడు మైలారుడు ఉన్నాడు. చెల్లెలు పురిటిలో పోయిందని కబురందితే, ఎక్కడో పరాయి ఊళ్ళో వేషాలాడుతున్నవాడు మూటాముల్లే వదిలేసి పరుగెత్తి వచ్చి, గుడ్డలో చుట్టిన ఆ పసిగుడ్డును ఎత్తుకున్నాడు. అన్నం పెట్టాడు, అద్దం ముందు కూర్చోబెట్టి మొహానికి రంగు వెయ్యడం నేర్పాడు. మైలారుడికి తల్లీ తండ్రీ గురువూ అంతా ఆ మామే. అందుకే ఆజ్ఞ విన్నవెంటనే వెళ్ళి రాజు కాళ్ళు పట్టుకున్నాడు.

మంత్రి గడ్డం నిమురుకుని ఉపాయం చెప్పాడు. "ఆ సేనాపతి మీసంలోంచి ఒక్క వెంట్రుక పట్టుకురా. మూరవేసి చూస్తాం. పొట్టిదైతే మీ మామ చెప్పింది నిజం. బారెడుంటే ఆయనకి కొరత, ఆయన పక్కన నీకు ఇంకోటి."

బయలుదేరేముందు మైలారుడు చెరసాల కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఓబులయ్య ఊచలు పట్టుకుని మొహం ఆనించాడు.

"ఒరేయ్ మైలారా, అక్కడ నేను చెయ్యాల్సిన పని ఒకటి మిగిలిపోయిందిరా. మొన్న పోయినప్పుడన్నా చేద్దామనుకున్నా, ధైర్యం చాలక వెనక్కొచ్చా. ఏ ఊళ్ళో అయినా సరే, చివరిరోజు ఎగ్గొట్టకూడదురా..."

ఇంకా ఏదో చెప్పబోతుంటే కావలివాడు బల్లెంతో వెనక్కి నెట్టాడు. కొరత ముందు నిలబడి కూడా ఈ ముసలాయన పాఠాలు మానడని మైలారుడు కళ్ళు తుడుచుకుని, రంగుల పెట్టె చంకన పెట్టుకుని, గుర్రమెక్కాడు.

దారిలో ఒక పులి, ఒక వాగు, ఇద్దరు దొంగలు అడ్డొచ్చారు. పులికి మేక అరుపు అరిచి దారి మళ్ళించాడు, వాగును ఈదాడు, దొంగలకు అమ్మోరు వేషంలో కనబడి వాళ్ళచేతనే పొంగలి వండించుకుని తిన్నాడు. అదంతా చెబుతూ కూర్చుంటే పున్నమి వచ్చేస్తుంది. ఉత్తుంగపురం పొలిమేరలో దిగేసరికి అతను వెన్నెలదీవి రాయబారి. అలాంటి దీవి ఏ సముద్రంలోనూ లేదు.

ఉత్తుంగపుర వైభవాన్ని ఏమని వర్ణించాలి. మేఘాలను గీరుతున్న బురుజులు, బురుజుల మీద బంగారు కలశాలు, కలశాల మీద కూర్చోబోయి జారిపడుతున్న పావురాలు. కోటగోడ పొడుగునా అర్ధచంద్రాకారపు కిటికీలు, ప్రతి కిటికీలో కంచు నగారా, ప్రతి నగారా వెనక కండలు తిరిగిన నగారావాడు. రాజవీధిలో పన్నీటి కాలువ, కాలువకు అటూ ఇటూ పాలరాతి సింహాలు. ఒక సింహం మెడలో ఎవరో ఆరేసిన చీర వేలాడుతోంది. సింహద్వారం తలుపులకు ఏనుగు దంతాలు బిగించి ఉన్నాయి. ఆ ద్వారం కింద, రాతిగూటిలో, ఒక దీపం వెలుగుతోంది.

"అది నిజదీపం," అన్నాడు ద్వారపాలకుడు. "మా మాంత్రికుడు ధూమకంఠులవారు చేశారు. దానిముందు నిలబడు. మంట నీలంగా మారితే నిజాయితీపరుడివి. పసుపుగా ఉండిపోతే మోసగాడివి. ఇది పెట్టిన రోజున ఆయనే మొదట నిలబడి చూపించారు. ఎంత నీలం వెలిగిందనుకున్నావు."

మైలారుడు పెట్టుడుగడ్డం సవరించుకుని నిలబడ్డాడు. మంట భగ్గున నీలమైంది. అతని ముందు వెళ్ళిన రత్నాల వర్తకుడికీ నీలమే, వెనక వచ్చిన రాయబారులకూ నీలమే. ఇంతలో ఒక లేగదూడ తల్లిని వెతుక్కుంటూ ద్వారంలోకి దూరింది. దీపం చల్లగా పసుపురంగులోనే ఉండిపోయింది. "మాయదారి దూడ, పట్టుకోండి" అంటూ నలుగురు భటులు బల్లేలతో వెంటపడి దానికి సంకెళ్ళు వేశారు. మైలారుడు దీపాన్ని ఒకసారి, దూడను ఒకసారి చూసి, చకచకా లోపలికి నడిచాడు.

అతిథిగృహంలో అప్పటికే ముగ్గురు రాయబారులున్నారు. వెన్నెలదీవి పేరు వినగానే ముగ్గురూ మా రాజుగారి వియ్యాలవారే అన్నారు.

మొదటాయన కుంభదేశం రాయబారి, భయస్థుడు. చెంబులో నీళ్ళు తాగేముందు కూడా వంగి చూసుకుంటున్నాడు. "గోడలకు చెవులే కాదయ్యా, ముక్కులు కూడా ఉన్నాయిక్కడ. మనం ఏం తిన్నామో వాసన పట్టేస్తారు."

రెండో ఆయన సుగంధపురివాడు. వచ్చి నెల కాలేదు, అప్పుడే ఉత్తుంగపురం తలపాగా చుట్టి, ఉత్తుంగపురం వాళ్ళలాగే ఎడమచెయ్యి నడుముమీద పెట్టుకుని నడుస్తున్నాడు. "ఆహా, ఇక్కడి దోమ కూడా ఎంత మర్యాదగా కుడుతుందో చూశారా? మన దేశాల్లో దోమలకు క్రమశిక్షణ లేదు."

మూడో ఆయన పాతకోట మహారాజ్యపు ముసలి రాయబారి. ఒకప్పుడు లోకాన్నంతా ఏలిన రాజ్యం అది. "ఈ ఉత్తుంగపురం వచ్చే ఉగాదికి కూలిపోతుంది చూడండి," అన్నాడు చిరాగ్గా. పన్నెండేళ్ళుగా ప్రతి ఉగాదికీ ఆయన అదే మాట రాజుగారికి కబురు పంపుతున్నాడు. ఆ మధ్యలో పాతకోటలో సగం ఉత్తుంగపురంలో కలిసిపోయింది. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే నగారాలు మోగాయి. మేడమీదినుంచి నలుగురూ సేనను చూశారు. ఆశ్వికులు, విలుకాళ్ళు, బల్లెగాళ్ళు, ధూళి లేపుకుంటూ తెంపు లేకుండా సాగిపోతున్నారు. భయస్థుడు కళ్ళు మూసుకున్నాడు. సుగంధపురివాడు పూలు చల్లాడు. ముసలాయన ఆవలించాడు. మైలారుడి కళ్ళు మాత్రం ఒక తెల్లగుర్రం మీద పడ్డాయి. వెనక కాలు కుంటుతోంది. కాసేపటికి మళ్ళీ ఒక తెల్లగుర్రం వచ్చింది. దానికీ వెనక కాలే కుంటు. ఇంకాసేపటికి మళ్ళీ.

మైలారుడికి నవ్వాగలేదు. వేషగాడికి వేషం తెలియదా. నలుగురు మనుషులే తెర వెనకనుంచి తిరిగొచ్చి కౌరవసేన కావడం తను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. ఈ సేన వేషం, ఈ వైభవం వేషం, ఆ సేనాపతి మీసం బంకపెట్టి అతికించింది. రంగుల పెట్టెతో బతికినవాడికి లోకమంతా రంగులాగే కనబడుతుంది. ఆ ధీమాయే అతని కొంప ముంచింది.

మధ్యాహ్నం విందు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. అతిథి విస్తట్లో మొట్టమొదట ఉప్పు పడాలి, ఆ ఉప్పును సేనాపతే స్వయంగా వడ్డించాలి. బంగారు గిన్నెలో ఉప్పు పట్టుకుని భైరవసింహుడు వరసన వంగుతూ వస్తున్నాడు. తాటిమాను లాంటి మనిషి. మీసం పన్నెండు మూరలు లేదు గానీ, నల్లగా, దట్టంగా, అటొక జానా ఇటొక జానా, చివరలు పైకి మెలితిరిగి ఉంది. ఇంత చక్కగా మెలితిరగాలంటే అది మేక వెంట్రుకలే అయ్యుండాలని మైలారుడు లెక్కవేసుకున్నాడు. మీసం మొత్తం ఊడి చేతికొస్తే మామ ప్రాణమూ దక్కుతుంది, ఉత్తుంగపురం పరువూ పోతుంది. సేనాపతి తన విస్తరి మీదికి వంగగానే, చెయ్యి చాపి ఒడిసిపట్టి ఒక్క గుంజు గుంజాడు.

"అమ్మోయ్," అన్నాడు భైరవసింహుడు. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. మీసం ఎక్కడిదక్కడే ఉంది. మైలారుడి గుప్పిట్లో మాత్రం ఒకే ఒక్క నిజమైన వెంట్రుక మిగిలింది.

భటులు వచ్చి మీదపడ్డారు. మైలారుడు విస్తళ్ళ మీదుగా దూకాడు, పులుసు బానను దొర్లించాడు, సుగంధపురివాడి తలపాగా లాగి తన తలకు చుట్టుకుని నడుముమీద చెయ్యి పెట్టుకుని దర్జాగా వాకిలి దాటబోయాడు. భటులు దారి ఇచ్చారు కూడా. పాడు ముసలాయన మాత్రం, "అదుగో, వాడే," అని వేలు చూపించాడు. పన్నెండేళ్ళలో ఆయన చెప్పిన మాట నిజమవడం అదే మొదలు.

రెక్కలు విరిచికట్టి సభలోకి ఈడ్చుకుపోయారు. చక్రవర్తి ప్రతాపధ్వజుడు ఎత్తయిన సింహాసనం మీద కాళ్ళు పైకి పెట్టుకుని మఠం వేసుకుని కూర్చున్నాడు. కింద మెట్ల పక్కన మాంత్రికుడు ధూమకంఠుడు, మెడలో పాముకోరల దండ, చేతిలో కపాలదండం. నిజదీపం తెచ్చి మైలారుడి ముందు పెట్టారు. నీలంగా వెలిగింది.

"నిజాయితీపరుడే," అన్నాడు చక్రవర్తి ఆశ్చర్యంగా. "మరి మా సేనాపతి మీసం ఎందుకు లాగినట్టు?"

"అతికించిందనుకున్నాను ప్రభూ. మీ సేన కూడా అంతే కదా. ఒకే కుంటిగుర్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది."

భైరవసింహుడు పైమూతి నిమురుకుంటూ ఏడుపుగొంతుతో అన్నాడు. "పొద్దున్నే ఒళ్ళు వంగాలని ఉన్న సేననే కోటచుట్టూ తిప్పుతానయ్యా. దానికి నువ్వు ఇంత దూరం ఆలోచించాలా? ఇంతకీ నా మీసం గురించి మీ ఊళ్ళో ఏమనుకుంటారు?"

"పన్నెండు మూరలని, దాంతో ఏనుగుల్ని కడతారని. మా చింతలకోనలో చంటిపిల్లలు కూడా..."

నోరు జారింది. వెన్నెలదీవి గాల్లో కలిసిపోయింది. ఇక కత్తి దిగుతుందని మైలారుడు కళ్ళు మూసుకున్నాడు. కత్తి దిగలేదు. కళ్ళు తెరిచి చూస్తే, తనను పట్టుకున్న భటులు నాలుగడుగులు వెనక్కి పోయి వణుకుతున్నారు. సేనాపతి సింహాసనం చాటున ఉన్నాడు. చక్రవర్తి కాళ్ళు ఇంకా పైకి ముడుచుకుని, పట్టుబట్ట మోకాళ్ళమీదికి లాక్కున్నాడు.

"చింతలకోనా?" అన్నాడు. దర్బారు భాష ఎగిరిపోయి అసలు గొంతు బయటపడింది. "పాముని వెంటబెట్టుకొచ్చావా ఏందయ్యా?"

"ఏ పాము?"

"మాకు తెలవదనుకోబాక. ఇరవయ్యేళ్ళ కిందట ఇది ఉప్పుమడుల ఊరు. నా పేరు పోలయ్య. ఎండలో ఉప్పు పోగేసుకుని, గంజి తాగి పడుకునేవోళ్ళం. ఒకనాడు మీ చింతలకోన సేనాపతంట, ఎర్రకళ్ళేసుకుని దిగాడు. వచ్చే యేడు ఈపాటికి మీ ఊరు బూడిద అన్నాడు. మర్నాడు మీ మాంత్రికుడు, ఏడుతలల పాముని చేతికి చుట్టుకుని, పడుకున్నోడి కాలిబొటనవేలు పట్టి లాక్కుపోద్దన్నాడు. ఆ మూడోనాడు మీ రాజే వచ్చాడు, పొద్దున్నే గిన్నెడు విషం తాగుతానన్నాడు. నాలుగోనాడు చూస్తే ఒక్కడూ లేడు. మాయమైపోయారు. ఇంకేం చేస్తాం? గోడ కట్టాం. గోడకి కాపలా కావాల. కాపలావోళ్ళకి కూడు కావాల. కూటికి పొలం కావాల. ఆ పొలం పక్కూరోడిది. అట్టా పోయీ పోయీ ఇంతయింది. మాకేం రాజ్యమేలాలని సరదా అయ్యా? భయం. ఆ భయంతోనే నేను ఇరవయ్యేళ్ళుగా కాలు కిందెట్టలా. ఈ పున్నమికి దండంతా కదులుతోంది. మీరు మమ్మల్ని కాల్చేలోగా మేమే మిమ్మల్ని కాలుస్తాం."

ధూమకంఠుడు పాముకోరల దండ సవరించుకున్నాడు. "నా రక్షలుండగా భయమేల ప్రభూ," అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఏడుతలల పాముకు విరుగుడు కడుతూ అతను మేడలు కట్టుకున్నాడు.

మైలారుడికి సంగతి వెలిగింది. ఎర్రకళ్ళ సేనాపతి వేషం మామది. మాంత్రికుడి వేషం మామది. ఏడుతలల పాము ఇప్పటికీ ఇంట్లో అటక మీద ఉంది, గుడ్డపేలికలతో కుట్టింది. నాలుగోనాడు మొహం కడుక్కుని దండం పెట్టాల్సిన మామ, చెల్లెలు పోయిందని కబురంది, ఏడుస్తూ పరుగెత్తి వచ్చేశాడు. తనను ఎత్తుకోవడానికి. ఈ కోట, ఈ నగారాలు, మింగిన రాజ్యాలు, అన్నీ ఆడని ఆ ఒక్క చివరిరోజులోంచి పుట్టుకొచ్చాయి. కిటికీ దగ్గర మామ అన్న మాట ఇప్పుడు అర్థమైంది.

నిజం చెబితే, చింతలకోనలో ఉన్నది ఒంటిదంతం ఏనుగు, మధ్యాహ్నం కునుకుతీసే కొద్దిమంది భటులూ అని వీళ్ళకు తెలిసిపోతుంది. పొద్దున్నే వచ్చి దిగితే అంబలి తాగే పొద్దుకల్లా ఊడ్చేసి పోగలరు. చెప్పకపోతే భయంతోనే వస్తారు, పున్నమినాడే వస్తారు. రెండిట్లో ఏది జరిగినా అక్కడ కొరత మీద మామ ఉంటాడు. మైలారుడికి కత్తి తిప్పడం రాదు, మంత్రం రాదు. మామ నేర్పిన విద్య ఒక్కటే వచ్చు.

"ఒక చెంబు నీళ్ళు ఇప్పించండి," అన్నాడు.

చక్రవర్తి సైగ చెయ్యగా కట్లు విప్పి, చెంబును కర్రతో ముందుకు తోశారు. మైలారుడు రాయబారి గడ్డం ఊడదీశాడు. గంధపు రంగు, కాటుక, కనుబొమల మసి అన్నీ కడిగేసుకున్నాడు. కింద ఇరవై ఏళ్ళ కుర్రవాడి మామూలు మొహం, గడ్డం మీద చిన్నప్పటి గాటు ఒకటి. చేతులు జోడించాడు. అరచేతుల మధ్య వెంట్రుక అలాగే ఉంది.

"అయ్యా, చివరిరోజు. కాస్త ఆలస్యమైంది, ఇరవై ఏళ్ళు. ఆడింది మా మామ ఓబులయ్య, అన్నది అంతా వేషమే. నేను పుట్టిననాడు మా అమ్మ పోయింది. నన్నెత్తుకోడానికి పరుగెత్తుకొచ్చి మీకు చెప్పకుండా పోయాడు. తప్పు మన్నించి తోచింది ఇప్పించండి. గింజలొద్దు, గుడ్డలొద్దు. పున్నమికి ఆయన్ని కొరత వేస్తున్నారు. మీరూ మాలాంటి మనుషులేనని చెప్పినందుకు. ఆయన ప్రాణం ఇప్పించండి."

దీపంలో నీలం చప్పున ఆరిపోయి, పసుపురంగు మంట నిలకడగా వెలిగింది.

సభ గొల్లుమంది. లేగదూడ ముందు తప్ప ఇంకెవరి ముందూ ఆ రంగు నిలవగా చూసినవాడు లేడు. "పసుపు," అని అరిచాడు ధూమకంఠుడు, మొహం పాలిపోయి. "మోసగాడు ప్రభూ, చూస్తారేం, నరకండి." చుట్టూరా కత్తులు లేచి మైలారుడి మెడకు ఆనాయి.

చక్రవర్తి చెయ్యెత్తి ఆపాడు. దీపంకేసి, మైలారుడి కడిగిన మొహంకేసి, ధూమకంఠుడికేసి మార్చి మార్చి చూశాడు.

"ఆ పాము?" అని అడిగాడు మెల్లిగా.

"గుడ్డది ప్రభూ. ఒక తల ఎలకలు కొట్టేశాయి. ఇప్పుడు ఆరే."

ప్రతాపధ్వజుడు ముడుచుకున్న మోకాళ్ళు విప్పాడు. కుడికాలు కిందికి దించి, బొటనవేలితో నేలను తాకి చూశాడు. చల్లగా ఉంది కాబోలు, ఒకసారి వెనక్కి తీసుకుని మళ్ళీ పెట్టాడు. తరవాత రెండో కాలు. ఇరవై ఏళ్ళ తరవాత లేచి తన కాళ్ళమీద తను నిలబడి, సేనాపతి ఒరలోంచి కత్తి లాక్కుని, తూలుకుంటూ మెట్లు దిగసాగాడు. కింద దీపానికి ఒక పక్క మాంత్రికుడు, ఇంకో పక్క మైలారుడు నిలబడి ఉన్నారు. ఆ కత్తి ఎవరికోసం వస్తోందో మైలారుడికి అంతుపట్టలేదు. మామ ప్రాణమంతా అక్కడే ఉన్నట్టు, వెంట్రుకను ఇంకా గట్టిగా గుప్పిట్లో బిగించాడు.